ట్యాబ్ చేతికిస్తే ఇంక మాటలు రావా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ ఇంచుమించు ఒకే విషయం మీద ఉన్నాయి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు క్లాసులో ట్యాబ్, ఫోన్, మైకు, సాఫ్ట్‌వేర్ లాంటివి నిజంగా పనికొస్తాయా, ఎవరిస్తారు, బడివాళ్లు ఒప్పుకోకపోతే ఏం చేయాలి అని అడిగారు. అందుకే ఈ సంచిక మొత్తం దానికే ఇస్తున్నాను. ఉత్తరాలు రాసినవాళ్ల పేర్లు తీసేశాను, కొన్నిటిని కుదించాను.

ప్రశ్న: మా బాబుకి ఆరేళ్లు, ఆటిజం. ఒకటి రెండు మాటలు తప్ప రావు. బొమ్మ నొక్కితే మాట పలికే యాప్ ట్యాబ్‌లో వేసి అలవాటు చేయమని స్పీచ్ థెరపిస్ట్ చెప్పారు. మా అత్తగారేమో "దానికి అలవాటు పడితే వాడింక నోరు విప్పడు" అంటున్నారు. స్కూల్లో అడిగితే ట్యాబ్ తేవద్దు, మిగతా పిల్లలు కూడా అడుగుతారు అన్నారు. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉంది. – ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: థెరపిస్ట్ మాట వినండి. మీ అత్తగారిది మనవడి మీద ప్రేమతో వచ్చిన భయం, ఆవిడని తప్పు పట్టకండి, చాలా ఇళ్లలో ఇదే మాట వింటాం. కానీ ఈ భయం నిజమా కాదా అని పరిశోధకులు ఎప్పుడో పరీక్షించారు. అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్ష 2006లో వచ్చింది. అందులో గట్టి ఆధారాలున్న 27 మందిని విడిగా చూస్తే, బొమ్మలు, సైగలు, పరికరాలు వాడటం వల్ల ఒక్కరికి కూడా ఉన్న మాట తగ్గలేదు, 89 శాతం మందికి ఎంతో కొంత పెరిగింది, మిగతావాళ్లలో మార్పు లేదు. పెరిగింది కూడా కొంచెమే, కాబట్టి ట్యాబ్ ఇవ్వగానే గడగడా మాట్లాడతాడని ఆశ పెట్టుకోకండి. అయితే మాట వచ్చేదాకా వాడు తనకేం కావాలో చెప్పుకోలేక ఏడుస్తూ, కొరుకుతూ, కొడుతూ ఉండాల్సిన పని లేదు కదా. ఆకలైందని, కడుపు నొస్తోందని, ఈ గోల భరించలేకపోతున్నానని చెప్పడానికి ఆరేళ్ల పిల్లవాడికి ఏదో ఒక దారి ఇవాళే కావాలి.

ఇక ఎలా అలవాటు చేయాలన్నది. ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. ట్యాబ్ పిల్లాడి ముందు పెట్టి "యాపిల్ ఏదీ, నొక్కు, ఆవు ఏదీ, నొక్కు" అని పరీక్ష పెడతారు, వాడు నాలుగు రోజులు చూసి విసిరికొడతాడు. అలా కాకుండా ముందు మీరు దాంతో మాట్లాడాలి. టిఫిన్ టైములో ఇడ్లీ మొత్తం ఒకేసారి పెట్టేయకుండా చిన్న ముక్క పెట్టి, వాడు మీ వైపు చూసినప్పుడు "ఇంకా" బటన్ మీరే నొక్కి, నోటితో కూడా "ఇంకా" అని ఇంకో ముక్క పెట్టండి. చట్నీ వద్దన్నట్టు తల తిప్పితే "వద్దు" నొక్కి గిన్నె పక్కకు జరపండి. వాడిని నొక్కమని అడగొద్దు, చెయ్యి పట్టుకుని నొక్కించొద్దు. పిల్లలు మాట నేర్చుకునేది మన నోట్లోంచి విని కదా, ఈ పిల్లాడికి ఆ మాట తెర మీద కనిపించాలి కూడా. వారాలు పట్టొచ్చు, నెలలు పట్టొచ్చు. ఒకరోజు వాడి వేలే అటు వెళ్తుంది.

మొదట పెట్టాల్సినవి పండ్లు, జంతువుల పేర్లు కావు. కావాలి, వద్దు, ఇంకా, చాలు, ఆపు, ఇవ్వు, వెళ్దాం, చూడు, నొప్పి, నాకు, నీకు: రోజంతా పనికొచ్చేవి ఇవి. యాప్‌లు చాలావరకు ఇంగ్లిష్ వాక్యాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కాబట్టి "నేను" బటన్ తర్వాత "కావాలి" నొక్కితే "నేను కావాలి" అని పలుకుతుంది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి "నాకు" అని మార్చేయండి. చెన్నైలో తయారైన ఆవాజ్ యాప్‌లో తెలుగు ఉంది, కొనేముందు ట్రయల్ వాడి చూడండి. ఇంట్లో తెలుగు మాట్లాడుతుంటే తెలుగులోనే మొదలుపెట్టండి, బడి ఇంగ్లిష్ మీడియమైనా సరే. అమ్మమ్మతో, నాయనమ్మతో మాట్లాడలేని గొంతు వాడికెందుకు?

ఇంకో మూడు విషయాలు. ఆ ట్యాబ్‌లో యూట్యూబ్ ఉండకూడదు. ఐప్యాడ్‌లో గైడెడ్ యాక్సెస్, ఆండ్రాయిడ్‌లో స్క్రీన్ పిన్నింగ్ అని ఉంటాయి, వాటితో ఆ ఒక్క యాప్‌నే తెరిచి ఉంచొచ్చు. అదే తెరను ప్రింట్ తీయించి లామినేట్ చేసి బ్యాగులో పెట్టండి. ఛార్జింగ్ అయిపోయినప్పుడు, స్నానానికి, పార్కుకి వెళ్లినప్పుడు అదే వాడి నోరు. మూడోది, అల్లరి చేశాడని ట్యాబ్ లాక్కోకండి, నొక్కిందే నొక్కుతున్నాడని ఆఫ్ చేయకండి. మాట్లాడే పిల్లలు అల్లరి చేస్తే వాళ్ల నోరు కట్టేస్తామా?

స్కూలు సంగతికొస్తే, బతిమాలాల్సిన అవసరం లేదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం పిల్లల అవసరాన్ని బట్టి తగిన ఏర్పాట్లు చేయడం ప్రభుత్వ నిధులతో నడిచే, ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడుల బాధ్యత. థెరపిస్ట్ చేత లెటర్‌హెడ్ మీద "ఇది ఈ విద్యార్థి మాట్లాడే సాధనం" అని రాయించుకుని, మీ దరఖాస్తుకి జతచేసి, ఇచ్చినట్టు సంతకం తీసుకోండి. మిగతా పిల్లలు అడుగుతారు అన్నదానికి జవాబు కూడా తేలికే: క్లాస్ టీచర్ ఒకరోజు పది నిమిషాలు తీసుకుని ఇది వాడి గొంతు అని పిల్లలకి చెప్పి, వాళ్లచేత కూడా ఒక్కోసారి నొక్కించి, హలో చెప్పిస్తే సరిపోతుంది. ఆరేళ్ల పిల్లలు పెద్దవాళ్లకంటే త్వరగా అర్థం చేసుకుంటారు.

ప్రశ్న: నేను నగర శివార్లలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ టీచర్ని. ఎనిమిదో తరగతిలో ఒక అమ్మాయికి చూపు చాలా తక్కువ, కళ్లద్దాలు పెట్టినా బోర్డు కనపడదు, పుస్తకం ముక్కుకి ఆనించుకుని చదువుతుంది. మొదటి బెంచీలో కూర్చోబెట్టాను. అంతకుమించి ఏం చేయాలో తెలియడం లేదు, బడిలో డబ్బు లేదు. – ఒక టీచర్, మేడ్చల్ దగ్గర

జవాబు: టీచర్ గారూ, ముందు డబ్బు ఖర్చు లేనివి. బోర్డు మీద రాసేటప్పుడు రాస్తున్నది పైకి చదవండి. "ఇది, ఇక్కడినుంచి ఇలా వస్తుంది" అని మ్యాప్ మీద వేలు పెట్టి చెప్పకుండా "గోదావరి నాసిక్ దగ్గర పుట్టి తూర్పుకి పారుతూ బాసర దగ్గర తెలంగాణలోకి వస్తుంది" అని మాటల్లో చెప్పండి. ఈ ఒక్క అలవాటు క్లాసు మొత్తానికీ మేలు చేస్తుంది. కిటికీ వెలుతురు ఆ అమ్మాయి కళ్లలోకి కాకుండా వీపు వైపునుంచి, పుస్తకం మీద పడేలా కూర్చోబెట్టండి. పుస్తకాన్ని వంచి నిలబెట్టే చెక్క స్టాండు ఉంటే మెడ నొప్పి తగ్గుతుంది, మీ ఊరి వడ్రంగి చేసిస్తారు.

ఆ తర్వాత కంటి పరీక్ష. మామూలు కళ్లద్దాల షాపులో కాదు, చూపు బాగా తక్కువున్నవాళ్ల కోసం ఉండే లో విజన్ క్లినిక్‌లో చూపించాలి. బంజారాహిల్స్‌లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది, కట్టలేనివాళ్లకు అక్కడ ఉచితంగా చూస్తారు. పుస్తకం మీద పెట్టుకునే మాగ్నిఫైయర్, బోర్డు చూడటానికి చిన్న టెలిస్కోప్ లాంటివి పిల్ల చూపుకి సరిపడేవి ఏవో వాళ్లు తేలుస్తారు. ఎవరో చెప్పారని బయట ఏదో ఒక భూతద్దం కొనివ్వకండి.

ఫోన్ ఉంటే చాలా పని జరుగుతుంది. బోర్డుని ఫొటో తీసి పెద్దది చేసుకుని చూసుకోవడం, ఆండ్రాయిడ్‌లో మాగ్నిఫికేషన్ ఆన్ చేసుకోవడం, గూగుల్ లెన్స్‌తో తెలుగు పేజీని చదివించుకోవడం, ఇవన్నీ ఉచితమే. బడిలో కంప్యూటర్ ఉంటే అందులో ఎన్‌వీడీఏ వేయండి. తెర మీద ఉన్నదాన్ని చదివిపెట్టే సాఫ్ట్‌వేర్ అది, 2006లో ఆస్ట్రేలియాలో చూపులేని ఇద్దరు కుర్రాళ్లు మొదలుపెట్టారు, పైసా కట్టక్కర్లేదు. అందులో వచ్చే తెలుగు గొంతు మొరటుగా ఉంటుంది, మొదట్లో పిల్లలకి నచ్చదు. ఇంటర్నెట్ ఉంటే ఎడ్జ్ బ్రౌజర్‌లో బిగ్గరగా చదివించే సదుపాయం వాడండి, అందులో తెలుగు గొంతులు చెవికి ఇంపుగా ఉంటాయి.

ఇక్కడ మనవాళ్లని చాలా ఇబ్బంది పెట్టే సంగతి ఒకటుంది, దాన్ని కాస్త వివరంగా చెప్పాలి. ఎవరో తెలుగు నోట్స్ పీడీఎఫ్ పంపుతారు, చూడటానికి చక్కటి తెలుగే. చదివించబోతే సాఫ్ట్‌వేర్ అర్థంపర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు పలుకుతుంది. టీచర్లు సాఫ్ట్‌వేర్ పాడైందనుకుని తీసేస్తారు. అసలు కారణం ఫాంటు. డీటీపీ సెంటర్లలో ఏళ్లుగా వాడుతున్న అను లాంటి పాత ఫాంట్లలో తెలుగు అక్షరం పైకి బొమ్మగా కనిపిస్తుందే గానీ లోపల కంప్యూటర్‌కి అది ఇంగ్లిష్ అక్షరమే. పరీక్ష తేలిక: పీడీఎఫ్‌లో ఒక లైను కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి, తెలుగు వస్తే యూనికోడ్, అంటే కంప్యూటర్ తెలుగుని తెలుగుగానే గుర్తుపట్టే పద్ధతి, పిచ్చి గుర్తులొస్తే పాత ఫాంటు. అప్పుడా పేజీలను ఫొటోలుగా తీసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే పేజీ బొమ్మను గుర్తుపట్టి మామూలు తెలుగు టెక్స్ట్‌గా మారుస్తుంది. ఒత్తులు, సున్నాలు కొన్ని తప్పుతాయి, ఒకసారి సరిచూసి ఇవ్వండి. ఇకమీదట మీరు తయారుచేసే ప్రశ్నపత్రాలు, నోట్సు మాత్రం దయచేసి యూనికోడ్‌లోనే చేయించండి. డీటీపీ ఆపరేటర్‌కి ఈ ఒక్క మాట చెప్తే చాలు, ఖర్చేమీ పెరగదు, ఆ పిల్ల ఎవరి సాయం లేకుండా చదువుకోగలుగుతుంది.

ఆ అమ్మాయికి వైకల్య సర్టిఫికెట్ ఉందో లేదో కనుక్కోండి. సదరం సర్టిఫికెట్ గానీ యూడీఐడీ కార్డు గానీ ఉండి, వైకల్యం 40 శాతం లేదా అంతకన్నా ఎక్కువుంటే పుస్తకాలు, తగిన పరికరాలు 18 ఏళ్లు వచ్చేదాకా ఉచితంగా అందించాలని 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 17వ సెక్షన్ చెబుతోంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే మీ మండల భవిత కేంద్రంలో ఐఈఆర్‌పీ, అంటే ఈ పిల్లల చదువుకి సాయపడే టీచర్ ఉంటారు, వాళ్లతో మాట్లాడండి. సమగ్ర శిక్ష కింద, దివ్యాంగులకు పరికరాలు తయారుచేసే కాన్పూర్ అలిమ్‌కో సంస్థ ద్వారా పరికరాలిచ్చే క్యాంపు ఎప్పుడో ఎంఈఓ ఆఫీసులో అడగండి. ఆడియో పుస్తకాలకైతే 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ లైబ్రరీ ఉంది, చూపు సమస్యతో ముద్రిత పుస్తకం చదవలేనివాళ్లు అందులో పేరు నమోదు చేసుకోవచ్చు.

ప్రశ్న: మా పాప మూడో తరగతి. రెండు చెవులకీ మెషిన్లున్నాయి. ఇంట్లో బాగానే వింటుంది. స్కూల్లో మాత్రం "మెషిన్ ఉన్నా వినదు, శ్రద్ధ లేదు" అని కంప్లైంట్. – ఒక తండ్రి, ఉప్పల్

జవాబు: శ్రద్ధ లేక కాదండీ. దూరం రెట్టింపైన ప్రతిసారీ గొంతు సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. ఇంట్లో మీరు పక్కనే కూర్చుని మాట్లాడతారు, క్లాసులో టీచర్ అటు చివర ఉంటారు, మధ్యలో ఫ్యాన్లు, బెంచీల చప్పుడు, రోడ్డు మీద హారన్లు. చెవి మెషిన్ ఆ చప్పుళ్లను కూడా పెంచి వినిపిస్తుంది. దీనికి మందు టీచర్ మెడలో వేసుకునే చిన్న మైకు. నోటికి జానెడు దూరంలో ఉన్న మైకులోంచి గొంతు నేరుగా పాప మెషిన్‌లోకి వస్తుంది. ఎఫ్ఎం సిస్టమ్ అనో రిమోట్ మైక్ అనో అడగండి. కొనేముందు మీ మెషిన్ మోడల్‌కి సరిపోతుందో లేదో వినికిడి పరీక్షలు చేసే ఆడియాలజిస్టుతో తేల్చుకోండి, లేకపోతే డబ్బు దండగ. బోయినపల్లి మనోవికాస్ నగర్‌లో, వినికిడి సమస్యల మీద పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, అక్కడ చూపించొచ్చు. మైకు వచ్చాక టీచర్‌కి చెప్పాల్సింది రెండే: స్టాఫ్‌రూముకి వెళ్లేటప్పుడు, ఇంకో పిల్లాడితో విడిగా మాట్లాడేటప్పుడు ఆపేయాలి, వేరే పిల్లలు జవాబు చెప్పేటప్పుడు మైకు వాళ్ల చేతికివ్వాలి.

రోజూ పొద్దున్న బ్యాగు సర్దేటప్పుడు ఒక నిమిషం ఈ పరీక్ష చేయండి. పాప వెనక నిలబడి, పెదాలు కనపడకుండా, ఆ, ఊ, ఈ, ష్, స్, మ్ అనే ఆరు శబ్దాలు వరస మార్చి అనండి, పాప విన్నది తిరిగి అనాలి. మాటలో ఉండే సన్నటి, లావాటి శబ్దాలన్నీ ఈ ఆరింటిలో వచ్చేస్తాయి. నిన్నటిదాకా విన్న "స్" ఇవాళ వినపడలేదంటే బ్యాటరీ అయినా అయిపోయి ఉంటుంది, ట్యూబులో చెమ్మైనా చేరి ఉంటుంది, లేదా జలుబుతో చెవి దిబ్బడేసిందన్నమాట. కొత్త బ్యాటరీ స్టిక్కర్ పీకగానే పెట్టేయకండి, ఒక నిమిషం గాలి తగలనివ్వండి, అవి గాలితో పనిచేసేవి. ఒక జత బ్యాటరీలు టీచర్ దగ్గర కూడా ఉంచండి.

ప్రశ్న: మా అబ్బాయి సీబీఎస్ఈ తొమ్మిదో తరగతి, డిస్లెక్సియా. నోటితో అడిగితే అన్నీ చెప్తాడు, రాస్తే సగం కూడా రాయలేడు. బోర్డు పరీక్షలో టైప్ చేయనిస్తారా? డిస్లెక్సియా వాళ్ల కోసం ప్రత్యేకమైన ఫాంటు ఉందంటున్నారు, పనిచేస్తుందా? – కొండాపూర్ నుంచి

జవాబు: టైప్ చేయనిస్తారు. 2018లో సీబీఎస్ఈ కంప్యూటర్‌కి అనుమతిచ్చింది: జవాబులు టైప్ చేయడానికి, ప్రశ్నలు పెద్ద అక్షరాల్లో చూసుకోవడానికి, ప్రశ్నను వినడానికి. కంప్యూటర్ అవసరమని డాక్టర్ గానీ సైకాలజిస్టు గానీ రాసివ్వాలి, ఫార్మాట్ చేసిన సొంత కంప్యూటర్ తీసుకెళ్లాలి, ఇంటర్నెట్ ఉండదు. మూడు గంటల పేపర్‌కి గంట అదనంగా ఇస్తారు. భాషల విషయంలో కూడా సడలింపు ఉంది. రిజిస్ట్రేషన్ తొమ్మిదో తరగతిలోనే జరుగుతుంది కాబట్టి సర్టిఫికెట్ ఇప్పుడే బడికిచ్చి ఆ వివరం నమోదు చేయించండి, పదో తరగతి జనవరిలో పరిగెత్తకండి.

ఇంటర్నెట్ ఉండదు కాబట్టి నెట్ మీద ఆధారపడే వాయిస్ టైపింగ్ పరీక్షలో కుదరదు. ఇంట్లో ప్రాజెక్టులకి, నోట్సుకి వాడుకోనివ్వండి గానీ ఇవాళ్టినుంచే కీబోర్డు ప్రాక్టీసు మొదలుపెట్టించండి, రోజూ కొద్దిసేపైనా. యూనిట్ టెస్టులు కూడా కంప్యూటర్ మీదే రాయనివ్వమని బడిని అడగండి. మొదటిసారి బోర్డు పరీక్షలోనే టైప్ చేస్తే చేతిరాతకంటే ఘోరంగా ఉంటుంది. ఫాంటు మీద డబ్బు, ఆశ రెండూ పెట్టకండి, పరీక్షించి చూసిన అధ్యయనాల్లో దానివల్ల చదివే వేగం పెరిగినట్టు తేలలేదు. అక్షరాల మధ్య, లైన్ల మధ్య ఖాళీ పెంచి, పాఠం వింటూ పుస్తకంలో వేలుతో వెంబడించమనండి. అది చాలామందికి ఉపయోగపడుతుంది.

ప్రశ్న: మా మనవరాలు మాట్లాడే యాప్ వాడుతుంది. డాక్టరు స్క్రీన్ టైమ్ తగ్గించమన్నారు. ఇది కూడా లెక్కలోకి వస్తుందా? – ఒక తాతగారు, మల్కాజిగిరి

జవాబు: రాదు బాబాయి గారూ. ఫోన్లో మాట్లాడుకునే టైముని మనం టీవీ చూసినట్టు లెక్కేసుకోం కదా. కార్టూన్లు తగ్గించండి, యాప్‌ని పొద్దున్న లేచినప్పటినుంచి పడుకునేదాకా అందుబాటులో ఉంచండి.

ప్రశ్న: మాది చిన్న స్పెషల్ స్కూల్. ఒక కంపెనీ తన సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) కింద స్మార్ట్‌బోర్డు, ట్యాబ్‌లు ఇచ్చింది. ప్రారంభోత్సవం తర్వాత బీరువాలోనే ఉన్నాయి. మెదడు దెబ్బతిని కండరాల మీద అదుపు తగ్గే సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలు ఎక్కువ, వాళ్ల చేతులు ట్యాబ్ మీద నిలవవు. – ఒక ప్రిన్సిపాల్, సికింద్రాబాద్

జవాబు: ప్రిన్సిపాల్ గారూ, బీరువా తెరిచేముందు ఒక పిల్లాడి ఐఈపీ, అంటే వాడి కోసం విడిగా రాసిన చదువు ప్రణాళిక, తెరవండి. ఈ టర్మ్‌లో వాడు క్లాసులో ఏం చేయలేకపోతున్నాడు? హాజరు పలకలేకపోతున్నాడా, కథలో పేజీ తిప్పలేకపోతున్నాడా? ఆ ఒక్క పని కోసం పరికరం వెతకండి. అందరికీ అన్నీ ఒకేసారి మొదలుపెడితే నెలకల్లా అన్నీ మళ్లీ బీరువాలోకే వెళ్తాయి.

సెరిబ్రల్ పాల్సీ పిల్లలకు మొదట చూడాల్సింది కుర్చీ. పాదాలు గాల్లో వేలాడుతుంటే, నడుము జారిపోతుంటే ఒంట్లో బలమంతా పడిపోకుండా ఆపుకోవడానికే సరిపోతుంది, ఇంక చెయ్యి ఎలా నిలుస్తుంది? కాళ్లకింద పీట, నడుముకి బెల్టు, మోచేతులు ఆనేలా బల్ల పెట్టి ఫిజియోథెరపిస్ట్ చేత సరిచేయించండి. చాలామందికి అప్పుడే చెయ్యి కొంత అదుపులోకి వస్తుంది.

ఆ తర్వాత స్విచ్. తెరను తాకలేని పిల్లాడు కూడా మోచేత్తోనో, మోకాలితోనో, తలను పక్కకు వంచో ఒక పెద్ద బటన్ నొక్కగలిగితే చాలు. ఆండ్రాయిడ్‌లో స్విచ్ యాక్సెస్, ఐప్యాడ్‌లో స్విచ్ కంట్రోల్ అని సెట్టింగ్ ఉంటుంది, తెర మీద బొమ్మలు ఒక్కొక్కటిగా వెలుగుతూ పోతాయి, కావలసినదాని దగ్గర బటన్ నొక్కితే అది ఎంపికవుతుంది. మొదలుపెట్టడానికి ఖరీదైనది కొనక్కర్లేదు. కోఠి గుజరాతీ గల్లీలో అరచేతంత పుష్ బటన్ తెచ్చి, పాత మౌస్ విప్పి, ఎడమ క్లిక్ దగ్గరి రెండు కొసలకీ వైర్లు సోల్డర్ చేయిస్తే కంప్యూటర్‌కి స్విచ్ తయారు. కథను పవర్‌పాయింట్‌లో పెట్టి, మీ స్మార్ట్‌బోర్డు మీద వేసి, స్లైడ్ మార్చే పని ఆ పిల్లాడికివ్వండి. వాడు నొక్కేదాకా టీచర్ ఆగాలి. ఆగడమే కష్టం, అర నిమిషం కూడా పట్టొచ్చు, ఈలోపు పక్కనున్న ఆయా నొక్కేస్తారు. అది జరగకుండా చూడండి.

ఛార్జింగ్ ఎవరి పనో కాగితం మీద పేరు రాసి పెట్టండి, "అందరం చూసుకుంటాం" అంటే ఎవరూ చూడరు. టీచర్ల శిక్షణ కోసం మీకు దగ్గర్లోనే, మనోవికాస్ నగర్‌లో ఉన్న ఎన్ఐఈపీఐడీని అడగండి, 1984నుంచి మేధోవైకల్యం ఉన్న పిల్లల కోసం పనిచేస్తున్న జాతీయ సంస్థ అది. కంపెనీవాళ్లు ఈ ఏడాది మళ్లీ వచ్చి ఏం కావాలి అంటే ఇంకో పది ట్యాబ్‌లు అడగకండి. ఉన్నవాటికి స్టాండ్లు, స్విచ్‌లు, సరైన కుర్చీలు, ఏడాది పొడవునా వారానికొకసారి వచ్చి టీచర్ల పక్కన కూర్చుని నేర్పే ఒక థెరపిస్టు జీతం అడగండి.